గొంగడి – స్లీపింగ్ బ్యాగు

ఈ సంచికకు ఏదైనా రాయమని మా యూనియన్ కార్యదర్శి అడిగినప్పుడు మొదట కవిత రాద్దామనుకున్నాను. కవులు మన కాలేజీలో అవసరానికి మించే ఉన్నారు గనుక, ఒక సంచి గూర్చి రాస్తున్నాను.

2024 డిసెంబరులో మా మిత్రులం నలుగురం ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కాంఠా శిఖరం ఎక్కాలని నిశ్చయించుకున్నాం. ఎత్తు సుమారు 12,500 అడుగులు. నేను పుట్టి పెరిగింది మడికొండలో. అంతవరకు నేనెక్కిన ఎత్తయిన చోటు రామలింగేశ్వరుడి మెట్టుగుట్టే. నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల మాలావత్ పూర్ణ, భువనగిరి గుట్ట మీద ఎక్కడం నేర్చుకుని, 2014 మే 25న పదమూడేళ్ళ వయసులో ఎవరెస్టు ఎక్కింది. ఆమె అంత ఎక్కితే మనం ఇంత ఎక్కలేమా అన్నది మా వాదన.

సామాను మేమే మోసుకోవాలి గనుక బరువు గూర్చి చర్చ మొదలైంది. ఒక మిత్రుడు టూత్‌బ్రష్ పిడి కూడా విరిచేశాడు! నా మనసు మాత్రం ఒక స్లీపింగ్ బ్యాగు మీద పడింది. లోపల బాతు పొట్ట కింది మెత్తని నూగు. మొత్తం బరువు 620 గ్రాములు. మడిస్తే చెంబంత అవుతుంది. ధర పదిహేను వేలు.

ఫిజిక్సు విద్యార్థిని గనుక దాని గుణాలన్నీ కంఠతా పట్టాను. వేడినిచ్చేది ఈక కాదు, ఈకల నడుమ చిక్కుకుని కదలలేని గాలి. ఒక ఔన్సు, అనగా 28 గ్రాముల నూగు 800 ఘనపుటంగుళాల చోటు ఆక్రమిస్తే దాన్ని 800 ఫిల్ పవర్ అంటారు. మన బకెట్ లెక్కలో 13 లీటర్లు. పిడికెడు నూగు బకెట్ నిండుతుందన్నమాట.

లేబులు మీద రెండు ఉష్ణోగ్రతలు ఉంటాయి. వేడిచేసిన మనిషి బొమ్మను సంచిలో పడుకోబెట్టి ఐ.ఎస్.ఓ. 23537 ప్రమాణం ప్రకారం వాటిని లెక్కగడతారు. కంఫర్ట్ అనేది సగటు స్త్రీ హాయిగా నిద్రపోగల చలి. లిమిట్ అనేది సగటు పురుషుడు ముడుచుకుని పడుకుని ఎలాగో రాత్రి గడపగల చలి. నేను కోరుకున్న సంచికి కంఫర్ట్ 0, లిమిట్ మైనస్ 5. అమ్మేవాడు పెద్దక్షరాలతో వేసింది మైనస్ 5. నేను కూడా ఆ పెద్దక్షరాలే చదివాను.

బాపుతో చెప్పాను. ఆయన కోప్పడలేదు. "ఎంతరా?" అన్నాడు. చెప్పాను. "రెండు క్వింటాళ్ళ పత్తి," అన్నాడు, అంతే. ఆ ఏడు పొడుగు పింజ మద్దతు ధర క్వింటాలుకు 7,521 రూపాయలు. మా అవ్వ పొద్దుందాక ఏరితే నలభై కిలోలు. అంటే ఆమె ఐదు దినాలు నడుం వంచితే నాకొక సంచి. ఈ లెక్క బాపు చెప్పలేదు, నేనే కట్టుకున్నాను. కట్టుకోకుండా ఉంటే బాగుండేదనిపించింది. రెండు రోజుల తర్వాత ఆయన పైసలు తెచ్చి చేతిలో పెట్టి, "మంచిదే కొనుక్కో బిడ్డా, పానం ముఖ్యం" అన్నాడు.

కొనేముందు పరీక్షించాలి గదా! అదే రకం సంచి ఒక సీనియర్ దగ్గర ఉంటే అడిగి తెచ్చి, పందుల కావలికి మక్కచేనుకు పోయే బాపు వెంట పోయాను. ఆయన మంచె మీద, నేను ఒడ్డు మీద.

బాపు గొంగడి గూర్చి ఒక మాట చెప్పాలి. దక్కని గొర్రె బొచ్చుతో కురుమలు గుంటమగ్గం మీద నేసి, చింతగింజల గంజి పట్టించింది. తూకం వేస్తే రెండు కిలోల నాలుగు వందల గ్రాములు తేలింది. కొత్తలో ఒంటికి గీరుకుంటుంది. 2018 జనవరి 1 నుంచి సేద్యానికి 24 గంటల కరెంటు వచ్చిందిగానీ, అంతకుముందు రాత్రి కరెంటు కోసం బావికాడ పడుకున్న రోజుల్లో బాపుకు ఇదే ఇల్లు.

ఆ రాత్రి నాకు పైన ఉక్కపోత, కింద వణుకు. వీపు కింది నూగు నా బరువుకు అణిగి, గాలి పోయి, ఉత్త గుడ్డయింది. నా ఒంటి వేడినంతా నేల పీల్చుకుంది. పరీక్షలో ఆ బొమ్మ కింద పరుపు ఉంటుందని నేను చదివే ఉన్నాను, పట్టించుకోలేదు. తెల్లారేసరికి కురిసిన మంచుకు కాళ్ళ దగ్గర సంచి తడిసి, నూగు ఉండలు కట్టింది. బాపు లేచి గొంగడి ఒక్క దులుపు దులిపాడు. నీటి చుక్కలు రాలిపోయాయి.

ఆయన నా సంచిని అటూ ఇటూ నలిపి చూసి, "తడిస్తె గింతేనా?" అన్నాడు. తర్వాత, "కిందికి ఇన్ని గడ్డిపరకలు ఏసుకోకపోతివి. నాలుగు దినాల తొవ్వకు కొనుడెందుకు, ఆడ కిరాయికి దొరకవా?" అన్నాడు.

మూడేళ్ళుగా ఉష్ణవాహకత్వం చదువుతున్నవాణ్ణి నేను!

నెలల తరబడి కొండల్లో తిరిగేవాళ్ళకు ఆ నూగు సంచి విలువైనదే, సందేహం లేదు. ఏటా ఒక్కసారి పోతే గొప్ప అనుకునే నాకు కాదు. నేను ఒక ఫోమ్ చాప మాత్రం కొన్నాను. కాజీపేటలో రైలెక్కి, ఢిల్లీ, డెహ్రాడూన్ మీదుగా సాంక్రి చేరి, అక్కడ కిరాయికి సింథటిక్ సంచి తీసుకున్నాను. బరువు దాదాపు రెండు కిలోలు. అబద్ధమెందుకు, శిఖరం కింది నిట్టనిలువు ఎక్కుడులో ఆ అదనపు బరువును నోరారా తిట్టుకున్నాను. తేలిక సంచి కొన్న మిత్రుడు నాకంటే ముందు నడిచాడు. జూడా కా తాలాబ్ దగ్గర గుడారంలో రాత్రి మైనస్ 6. చాప మీద నేను నిద్రపోయాను. అతను ఉన్న బట్టలన్నీ తొడుక్కుని సంచిలో దూరాడు, అతనూ నిద్రపోయాడు.

తిరిగి వచ్చి మిగిలిన పైసలు బాపుకు ఇస్తే లెక్కపెట్టకుండానే జేబులో పెట్టుకున్నాడు.

"చలి ఎంత ఉండె?"

"మైనస్ ఆరు, బాపూ."

కాసేపు ఆలోచించి, "ఆడ గడ్డి దొరికిందా?" అని అడిగాడు.