బోధన్ చెరకు, ఇంగ్లండ్ కారు గేమ్: చేతిల మిగిలేది ఏంది?

పోస్టు కొంచెం పెద్దగుంటది, ఓపికతోని చదవండ్రి.

మన తండాల్లో ఫోన్ ఉన్న ప్రతి తమ్ముడూ ఏదో ఒక కార్ రేస్ గేమ్ ఆడినోడే. నిజామాబాద్‌లో హాస్టల్‌ల ఉండి చదువుకునే మేమూ ఆడుతం. ఆడుడు అందరికీ వచ్చు, తయారు చేసేటోళ్లు ఎవరో మాత్రం తెల్వదు. అందుకే మేం కొందరం కలిసి ఒక బ్రిటిష్ కంపెనీ చరిత్ర చదివినం. దాని పేరు కోడ్‌మాస్టర్స్.

డేవిడ్ డార్లింగ్, రిచర్డ్ డార్లింగ్ అని ఇద్దరు అన్నదమ్ములు. టీనేజ్‌లోనే గేమ్‌లు రాసి వేరే కంపెనీకి ఇచ్చేటోళ్లు. 1986లో సొంత కంపెనీ పెట్టిండ్రు. ‘బీఎంఎక్స్ సిమ్యులేటర్’ లాంటి గేమ్‌లను క్యాసెట్లలో 1.99 పౌండ్లకే అమ్మిండ్రు. ఆఫీసు లండన్‌లో లేదు. సౌతాం అనే చిన్న పట్టణం పక్కన, పొలాల నడుమ ఉండేది. పాత గేమ్ డబ్బాల మీది అడ్రస్‌లోనే ‘ఫామ్‌హౌస్’ అని కనిపిస్తది.

1991లో ‘మైక్రో మెషీన్స్’ వచ్చింది. బొమ్మ కార్లు టిఫిన్ టేబుల్ మీద ఉరుకుతయి. 1997లో ‘టోకా’, 1998లో ‘కాలిన్ మెక్‌రే ర్యాలీ’. మెక్‌రే 1995 ప్రపంచ ర్యాలీ చాంపియన్. ఆ గేమ్‌లో పక్క సీట్ల కూసున్నాయన ముందర వచ్చే మలుపు ఎట్లుంటదో చెప్తుంటడు. ఆ గొంతు నిజమైన కో-డ్రైవర్ నికీ గ్రిస్ట్‌ది. బురదల టైరు ఎంత జారుతది, కంకర మీద బ్రేక్ ఎంత దూరంల పడుతది అనేది లెక్క. అది మ్యాజిక్ కాదు, మన ఇంటర్ ఫిజిక్స్‌లో ఉన్న ఘర్షణ పాఠమే. వానాకాలం తండా బాట మీద బండి నడిపినోళ్లకు ఆ జారుడు ఒంటికే తెలుసు.

ఇగ మనకు దగ్గరి సంగతి. 2010లో కోడ్‌మాస్టర్స్‌లో సగం వాటా మన దేశపు రిలయన్స్ బిగ్ ఎంటర్‌టైన్‌మెంట్ కొన్నది. 2021లో అమెరికాకు చెందిన ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సుమారు 120 కోట్ల డాలర్లకు మొత్తం కంపెనీనే కొన్నది. ఆ ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌కు హైదరాబాద్‌లో స్టూడియో ఉన్నది. అంటే బోధన్‌ల బస్సెక్కితే ఒక్క పూటల చేరే దూరం.

చేతులు మారుడు మనకు కొత్త కాదు. బోధన్ నిజాం షుగర్స్ 1937లో పుట్టింది. 2002లో 51 శాతం ప్రైవేటోళ్లకు పోయింది. 2015 డిసెంబర్‌ల మూత పడ్డది. మిషిన్లు, భూములు కాగితాల మీద చేతులు మారినయి. చెరకు నరికినోళ్లు, లారీ నింపినోళ్లు ఎంత పనిమంతులైనా ఆ పని ఫ్యాక్టరీని విడిచి నడవలేకపోయింది. మా ఇండ్లల్ల పెద్దోళ్లు పని కోసం వేరే జిల్లాలకు, బొంబాయికి పోయిండ్రు.

గేమ్ కంపెనీలు మూతపడవా అంటే పడతయి. 2016లో ‘డ్రైవ్‌క్లబ్’ తీసిన ఎవల్యూషన్ స్టూడియోను సోనీ మూసింది. అక్కడి టీమ్‌ను కోడ్‌మాస్టర్స్ తీసుకున్నది. పోయిన 2025లో ఆ కోడ్‌మాస్టర్స్‌లోనే ర్యాలీ గేమ్‌ల పని ఆపేసి, కొందరిని తీసేసిండ్రు. కాబట్టి కొలువు గట్టిదని మేం చెప్పం. కానీ నేర్చిన విద్య మనిషితోని నడుస్తది. గేట్‌కు తాళం పడ్డా అది లోపల ఉండిపోదు.

అయితే ఒక మాట దాచొద్దు. డార్లింగ్ అన్నదమ్ములకు తెలివి ఒక్కటే కాదు, చేతికందే కంప్యూటర్ కూడా ఉండె. మనకు చాలా చోట్ల కంప్యూటర్ రూమ్ ఉంటది, తాళం కూడా ఉంటది. తాళంచెవి ఎవరి దగ్గరుందో అడిగేటోడే ఉండడు. ‘పిల్లలు కరాబ్ చేస్తరు’ అనే మాట మేం ఎన్నిసార్లు విన్నమో లెక్కలేదు.

గందుకే మా ఆలోచన ఇది. ఒక్కొక్కరం పోతే పని కాదు, హాస్టల్‌కు పదిమందిమి కలిసి దరఖాస్తు రాద్దాం. ఆదివారం రెండు గంటలు రూమ్ తెరవమని అడుగుదాం. గోడో, బ్లెండర్ రెండూ ఫ్రీ సాఫ్ట్‌వేర్లే, పైసా ఖర్చు లేదు. ముందు ఒక డబ్బా బొమ్మను మన తండా బాట మీద నడిపిద్దాం. తెలిసిన అన్నలు, అక్కలు నెలకొకసారి ఫోన్‌ల చెప్పినా చాలు.

మీ హాస్టల్‌ల కంప్యూటర్లు ఎన్ని ఉన్నయి, ఎన్ని నడుస్తున్నయి, తాళం ఎవరి దగ్గరుంది? కింద రాయండ్రి. ఆ లిస్టుతోనే మొదలుపెడదాం.