సూత్రానికి వృత్తి, మెథడుకు వివరణ

వ్యాకరణం చదువుకున్నవారికి సూత్రం ఒక్కటే చాలదని తెలుసు. బాలవ్యాకరణం పాఠం చెప్పేటప్పుడు ఫలానా సంధి నిత్యమా, వైకల్పికమా, బహుళమా అన్నది తేల్చి చెప్పకపోతే పిల్లవాడు ప్రతి పదం దగ్గరా తడబడతాడు. సూత్రం కింద వృత్తి, దాని కింద ఉదాహరణ, వీలైతే ప్రత్యుదాహరణ ఉండాలి. ఉద్యోగ విరమణ తర్వాత మా అమ్మాయి చలవతో పైథాన్ నేర్చుకొని, యూనిట్ టెస్టులు రాసేపాటి వాడినయ్యాక నాకు ఈ మాట తరచుగా గుర్తుకు వస్తున్నది. ఇదేమి విడ్డూరం, తెలుగు పండితుడికి యూనిట్ టెస్టులేమిటి అని మిత్రులు నవ్వుకొనే ముందు కారణం చెప్పనివ్వండి.

నాతో పనిచేసి, ఇప్పుడు కీర్తిశేషులైన ఒక సహోపాధ్యాయుడు ప్రకాశం జిల్లా పల్లెలు తిరిగి సేద్యపు మాటలు చీటీల మీద రాసి పెట్టారు. 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ సంపుటమే ఆయనకు ఒరవడి. ప్రతి చీటీ మీద మాట, అర్థం, విన్న ఊరు ఉండేవి. ఆ ఊరి పేరే ప్రాణం. పల్లీ అన్నా, చెనక్కాయ అన్నా, వేరుశనగ అన్నా కాయ ఒకటే. ఎక్కడి వాడుకో చెప్పనప్పుడు అది పర్యాయపదాల పట్టిక అవుతుందే గాని మాండలిక నిఘంటువు కాదు.

ఆ చీటీలను స్ప్రెడ్‌షీట్లకు ఎక్కించి, వాటిని జేసన్ రూపంలోకి మార్చే ప్రోగ్రామును ఒక కుర్రవాడు ఉచితంగానే రాసిపెట్టాడు. కొన్ని షీట్లలో శీర్షిక ‘ప్రాంతము’ అని ఉన్నది, ప్రోగ్రాము వెదికినది ‘ప్రాంతం’. మువర్ణకం మీద ఎంత వాదించుకొన్నా మనుషులకు రెండూ ఒకటే, యంత్రానికి కావు. ఆ షీట్లలోని మాటలన్నీ ఊరు లేకుండా మారిపోయాయి. అయినా టెస్టులన్నీ పచ్చగా వెలిగాయి. పచ్చగా ఉన్నాయి గదా అని పాత షీట్లు తీసివేశారు. చీటీలు చూద్దామంటే అప్పటికే ఒక కట్ట చెదల పాలయింది.

టెస్టులు ఎందుకు పట్టుకోలేదు? వాటిలో ‘ఆరోపాలు సమానం’ అనే సహాయక మెథడు ఒకటి ఉన్నది. దాని డాక్‌స్ట్రింగులో ఉన్నదల్లా ఒకటే వాక్యం: రెండు ఆరోపాలను పోల్చును. విప్పి చూస్తే, మనం ఆశించిన ఆరోపంలో ఏ అంశాలున్నాయో వాటినే రెండవదానిలో వెదుకుతున్నది, మిగిలినవాటి జోలికి పోవడం లేదు. నమూనాలో మాట, అర్థం మాత్రమే రాశారు గనుక ఊరు ఉన్నా లేకున్నా దానికి పట్టలేదు. పేరు చెప్పినది సమానత్వం, చేసినది అంతర్భావం. కుర్రవాణ్ణి తప్పుపట్టను, అతని అవసరానికి అది సరిపోయింది. ‘ఇది అంతర్భావమును మాత్రమే చూచును’ అని మరొక్క వాక్యం రాసి ఉంటే షీట్లు తీసివేసేవారు ఆగి ఉండేవారు.

పెద్దల గ్రంథాలలోనూ ఈ చిక్కు ఉన్నది సుమండీ. పైథాన్ యూనిట్‌టెస్టులో ‘అసర్ట్‌కౌంట్‌ఈక్వల్’ అన్నది పేరును బట్టి సంఖ్యలు సరిపోతే చాలునన్నట్లు వినిపిస్తుంది. నిజానికి వరుసతో పని లేకుండా అవే అంశాలు అన్నిసార్లే ఉన్నాయా అని చూస్తుంది. వివరణ చదివినవాడికే ఆ సంగతి తెలుస్తుంది. ‘అసర్ట్‌డిక్ట్‌కంటెయిన్స్‌సబ్‌సెట్’ మరీ విచిత్రం. ఆర్గ్యుమెంట్ల వరుస తలకిందులుగా ఉండి చదివేవారిని భ్రమపెడుతున్నదని 2011లో వచ్చిన 3.2 కూర్పులో దానిని వాడవద్దన్నారు, 2023లో వచ్చిన 3.12లో తీసేశారు. జావాలోనైతే జేయూనిట్ ఆశించిన విలువను ముందు అడుగుతుంది, టెస్ట్‌ఎన్‌జీ వచ్చిన విలువను ముందు అడుగుతుంది. మెథడు పేరు మాత్రం రెంటికీ ఒకటే!

ఆ మెథడును తిరగరాసి, దానికి వృత్తి నేను రాశాను. మాట, అర్థం, ప్రాంతం నిత్యాలు, వ్యుత్పత్తి వైకల్పికం. అర్థాల వరుస ముఖ్యం, ప్రాంతాల వరుస ముఖ్యం కాదు. అంశం అసలే లేకపోవడం, ఉండి ఖాళీగా ఉండడం వేరువేరు. పైథాన్‌లో ‘గెట్’ అని అడిగితే ఈ రెండింటికీ ‘నన్’ అన్న ఒకటే జవాబు వస్తుంది గనుక ఇది ప్రత్యేకించి చెప్పవలసి వచ్చింది.

తెలుగువారికి ఇంకొక చిక్కు ఉన్నది. యూనికోడులో ఐత్వాన్ని ఒకే గుర్తుగా రాయవచ్చు, లేదా ఎత్వం గుర్తు పక్కన ఐత్వపు నిడివి గుర్తు చేర్చి రాయవచ్చు. కంటికి రెండూ ‘కై’ అనే కనబడతాయి, మామూలు పోలికకు మాత్రం భిన్నాలు. యూనికోడు వీటిని సమానాలుగానే ఎంచుతుంది గనుక పోల్చే ముందు రెంటినీ ఎన్‌ఎఫ్‌సీ రూపానికి తెస్తామని వృత్తిలో రాశాను. పొల్లు తర్వాత అక్షరం ఒత్తుగా మారకుండా మనం పెట్టే కనిపించని గుర్తు ఉన్నది చూశారూ, అది ఎన్‌ఎఫ్‌సీ వల్ల పోదు. దానిని మేము తీసివేయడం లేదు, ఆ సంగతీ రాశాను.

అన్నిటికన్నా పనికివచ్చినవి ప్రత్యుదాహరణలు. ఊరు లేని ఆరోపాన్ని ఇస్తే మెథడు ‘ప్రాంతం లేదు’ అని ఆగిపోవాలి. ఆ ఉదాహరణ డాక్‌స్ట్రింగులోనే ఉన్నది. డాక్‌టెస్టు అనే సదుపాయం దానిని నిజంగా నడిపి చూస్తుంది. రేపెవరైనా మెథడును సడలిస్తే వృత్తే మొరపెడుతుంది. ఈ భాగ్యం మన వ్యాఖ్యాతలకు లేకపోయింది.

మెథడు కన్నా వివరణ రెండింతలు ఉందని మా అమ్మాయి నవ్వింది. ఉండనిమ్మన్నాను. చెదలు తిన్న కట్టలోని మాటలకు ప్రస్తుతం ప్రాంతం దగ్గర ‘అజ్ఞాతం’ అని వేశాము. ఖాళీ మాత్రం వదలలేదు. ఆయన తిరిగిన ఊళ్ళలో ఇంకా సేద్యం చేస్తున్న పెద్దలు కొందరున్నారు. సంక్రాంతి తర్వాత ఆ మాటల జాబితా పట్టుకొని బయలుదేరాలి.