కృష్ణుడి వేషం

పిల్లలూ, 2023లో మా నల్లకుంట ఇంట్లో ఒక పెద్ద అలక జరిగింది. అలిగినవాడు మా మనుమడు. అప్పుడు వాడు ఏడో తరగతి. అలకకు కారణం ఒక అట్టకిరీటం.

వాళ్ళ బడి వార్షికోత్సవంలో వరసగా మూడేళ్ళు వాడే కృష్ణుడు. ఆ ఏడు శిశుపాలవధ వేస్తున్నారు. కాని అప్పటికి వాడికి గొంతు మారింది. ఒక మాట సన్నగానూ, ఒక మాట బొంగురుగానూ వస్తున్నది. మనిషి కూడా పొడుగయ్యాడు. వాళ్ళ టీచరమ్మ కిరీటం తీసి నాలుగో తరగతి పిల్లవాడి తలమీద పెట్టింది.

"నన్ను సభలో ఊరికే కూర్చునే రాజును చేశారు తాతా! నేనిక నాటకాల్లోకి పోనేపోను" అని వాడు అన్నం ముందునుంచి లేచిపోయాడు.

నేను ముప్పయి ఏళ్ళకు పైగా పంతులుగా పనిచేసినవాణ్ణి. టీచరమ్మ చేసినది సబబేనని నాకు తెలుసు. అయినా ఆ మాట అనటానికి నాకు నోరు రాలేదు. ఎందుకంటారా? నేను హెడ్మాస్టరుగా రిటైరయిన నెలలోపలే ఒకనాడు మా బడివైపు పోయాను. వేపచెట్టు కింద జరగవలసిన ప్రార్థన వరండాలో జరుగుతున్నది! కొత్త హెడ్మాస్టరు మార్చారట. ఎండ వేళ అది మంచి మార్పే. కాని నేను ఇంటికి వచ్చి రెండు రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. మా ఆవిడ ఇప్పటికీ ఆ సంగతి తలుచుకుని నవ్వుతుంది.

ఆ వారంలోనే మా అబ్బాయి తన ఫోనులో రోలింగ్ స్టోన్స్ అనే పాటల బృందాన్ని చూపించాడు. వాళ్ళు 1962లో లండనులో మొదలుపెట్టారు. ముందు నిలబడి పాడే మిక్ జాగర్‌కు ఎనభై ఏళ్ళు నిండినా ఇంకా గంతులు వేస్తూనే ఉన్నాడు! డ్రమ్ములు వాయించే చార్లీ వాట్స్ 1963 నుంచి వాళ్ళతో ఉండి, 2021లో చనిపోయాడు. ఆయన స్థానంలో స్టీవ్ జోర్డాన్ అనే ఆయన వాయిస్తున్నాడు.

అలకలో ఉన్న మావాడు మూలనుంచి, "మనుషులు మారితే అది ఆ బృందమే ఎట్లా అవుతుంది?" అన్నాడు.

ప్రశ్న మంచిదే. లండనువాళ్ళ సంగతి నాకంతగా తెలియదు గాని, మన సురభివాళ్ళను నేను చిన్నప్పుడే చూశాను.

1970లో నేను అయిదో తరగతి. సురభివారు మా ఊరు వచ్చి రేకుల పందిరి వేశారు. ఒక్క నాటకం ఆడి పోయేవారు కారు. నెలల తరబడి ఉండి, పూటకొక నాటకం ఆడేవారు. మాయాబజార్‌లో ఘటోత్కచుడి నోట్లోకి లడ్లు ఎగిరివచ్చి పడుతుంటే నేను బెంచీమీద లేచి నిలబడి, వెనకవాళ్ళచేత తిట్లు తిన్నాను. తెల్లవారి ఆ లడ్ల రహస్యం కనిపెడదామని పందిరి వెనక్కు పోయాను. అక్కడ ఘటోత్కచుడు లుంగీ కట్టుకుని రేకుకు మేకులు కొడుతున్నాడు. రాత్రి యశోద బియ్యం ఏరుతున్నది. చిన్నికృష్ణుడు చెవుల వెనక ఇంకా నీలిరంగుతోనే ఎక్కాలు వల్లిస్తున్నాడు! వాళ్ళంతా ఒకే కుటుంబంవాళ్ళని నాకు అప్పుడే తెలిసింది.

ఈ కుటుంబం పెద్దలు పూర్వం తోలుబొమ్మలాట ఆడేవారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావుగారు బొమ్మలకు బదులు మనుషులతో కీచకవధ ఆడించారు. ఆ ఊరి పేరే సమాజం పేరయింది. మగవాళ్ళే ఆడవేషాలు వేసే ఆ రోజులలో, సురభిలో ఆడవాళ్ళ వేషాలు ఆడవాళ్ళే వేశారు. సంసారాలు పెరిగినకొద్దీ సమాజాలూ పెరిగి, ఒక కాలంలో ముప్పయికి పైగా అయ్యాయి. తరవాత సినిమా వచ్చింది. 1932లో విడుదలైన మొదటి తెలుగు టాకీ భక్తప్రహ్లాదలో లీలావతి ఎవరనుకున్నారు? సురభి కమలాబాయి! సినిమా మనుషులను తీసుకుపోయింది, ప్రేక్షకులను అంతకంటె ఎక్కువగా తీసుకుపోయింది. ఆ పైన టెలివిజను. చివరకు సమాజాలు ఐదారు మిగిలాయి.

వాటిలో 1937లో పుట్టిన శ్రీ వెంకటేశ్వర నాట్యమండలి ఒకటి. దానిని చాలా కాలం నడిపినవారు రేకందార్ నాగేశ్వరరావుగారు. అందరూ బాబ్జీగారనేవారు. 1990ల్లో కర్ణాటకనుంచి బి.వి.కారంత్‌గారు వచ్చి, దేవతల వేషాలకు అలవాటుపడిన ఈ నటులచేత 'బస్తీ దేవత యాదమ్మ' ఆడించారు. అది జర్మనీ దేశపు బ్రెహ్ట్ రాసిన నాటకానికి అనుసరణ. పెద్ద వయసులో కొత్త పాఠం నేర్చుకోవటం ఎంత కష్టమో నాబోటివాణ్ణి అడగండి! బాబ్జీగారికి 2013లో పద్మశ్రీ వచ్చింది. 2022లో ఆయన పోయారు. నాటకాలు మాత్రం ఆగలేదు.

"మరి చిన్నప్పుడు కృష్ణుడు వేసినవాడు పెద్దయితే ఏం చేస్తాడు?" అన్నాడు మావాడు. మూలనుంచి కాస్త ఇవతలికి జరిగాడు లెండి.

సురభి పిల్లవాడు చంకబిడ్డగానే రంగస్థలం ఎక్కుతాడు. బాలకృష్ణుడు, ప్రహ్లాదుడు, లవకుశులు అవుతాడు. కాళ్ళు పొడుగవగానే కిరీటం తమ్ముడికి పోతుంది. వీడు తెర లాగుతాడు, దీపాలు చూస్తాడు, తబలా నేర్చుకుంటాడు. మళ్ళీ వయసు వచ్చాక అర్జునుడు, ముసలితనంలో ధృతరాష్ట్రుడు. ఈలోగా అందరి పద్యాలూ వాడికి వచ్చి ఉంటాయి. ఒకడికి జ్వరం వస్తే ఇంకొకడు ఆ పూటకు ఆ వేషం కట్టగలడు.

నేను ఇదంతా చెప్పానని వాడు మారిపోలేదు. "అయితే నేను తెర లాగాలా?" అని మళ్ళీ ముఖం ముడుచుకున్నాడు.

ఒక ఆదివారం సాయంకాలం వాణ్ణి సురభివారి మాయాబజార్‌కు తీసుకుపోయాను. 1970లో నేను చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. కాని లడ్లు ఎగిరాయి! నా పక్కన ఎవరో బెంచీమీద లేచి నిలబడ్డారు. చూస్తే మావాడే.

దారిలో బస్సులో వాడు ఒకటే ప్రశ్నలు. నేను బావి గిలక సంగతి చెప్పాను. పైన కదలకుండా బిగించిన ఒక్క గిలక బరువును తగ్గించదు; లాగే దిక్కును మారుస్తుంది. మనం కిందికి లాగితే బొక్కెన పైకి వస్తుంది. మేఘంమీద నారదుడు దిగటానికి కూడా కావలసింది గిలకలు, గట్టి తీగె, తెర వెనక లాగేవాడు. తీగె సన్నగా ఉండి, వెనక తెర నల్లగా ఉంటే దూరాన ఉన్నవాళ్ళ కంటికి కనబడదు.

మరునాడు మా బాల్కనీలో బట్టలారేసే గిలకలు మాయమయ్యాయి. నాలుగు రోజులు ఇల్లంతా తీగెలే. టీచరమ్మను నేను అడగలేదు. వాడే పోయి అడిగాడు.

వార్షికోత్సవంనాడు ఆ నాలుగో తరగతి కృష్ణుడు వేలు ఎత్తాడు. జిగేలుమంటూ అట్టచక్రం బయలుదేరింది. సగం దూరం పోయి ఆగిపోయింది! శిశుపాలుడు మెడ చాపుకుని ఎదురుచూస్తున్నాడు. తెర వెనకనుంచి సన్నగానూ బొంగురుగానూ ఒక గొంతు, "చెయ్యి దించకురా, ఇంకా తిట్టు!" అన్నది. సభంతా విన్నది. చిన్న కృష్ణుడు భయపడక, శిశుపాలుడి తప్పులు మళ్ళీ ఒకటినుంచి లెక్కపెట్టటం మొదలుపెట్టాడు. మూడో తప్పు దగ్గర తీగె ఊగింది, చక్రం కదిలింది, శిశుపాలుడు హాయిగా పడిపోయాడు.

ఆ తీగె ఇప్పటికీ మా బాల్కనీలోనే ఉంది. మా ఆవిడ దానిమీద తువ్వాళ్ళు ఆరేస్తున్నది.