పెంచిన రెక్కలు

జీబ్రా ఫించ్ గుడ్డు బరువు సుమారు ఒక గ్రాము, పొడవు సెంటీమీటరున్నర. గుడ్డు అడ్డుపడి తల్లి చనిపోతే అలాంటివి నాలుగైదు గూట్లో మిగిలిపోతాయి. ఫించ్‌లు పెంచేవాళ్లకు ఈ కష్టం కొత్త కాదు. ఈ జాతిలో ఆడా మగా వంతులేసుకుని పొదుగుతాయి కాబట్టి ఒంటరిగా మిగిలిన మగది కూడా గుడ్ల మీద కూర్చుంటుంది. కానీ తిండికి లేచిన ప్రతిసారీ గుడ్లు చల్లబడతాయి. అలాంటప్పుడు వాటిని బతికించే మంచి దారి, పొదుగుతున్న మరో జత కిందికి చేర్చడం.

మన పల్లెల్లో ఇది తెలిసిన విద్యే. పొదుగుకొచ్చిన కోడిపెట్ట కింద బాతు గుడ్లు పెట్టి పిల్లలు తీయించడం తాతలనాటి నుంచీ ఉన్నదే. అయితే కోడి పని వెచ్చదనం ఇచ్చి, వెంట తిప్పుకోవడంతో చాలావరకు తీరుతుంది. బాతుపిల్ల పుట్టిన నాడే నడుస్తుంది, తన తిండి తానే ఏరుకుంటుంది. ఫించ్ పిల్ల కళ్లు తెరవకుండా, ఒంటి మీద ఈకల్లేకుండా, గ్రాము బరువు కూడా లేకుండా పుడుతుంది. దాని నోట్లో పడే ప్రతి గింజా మరొకరు తెచ్చి పెట్టాల్సిందే. అందుకే ఇంకో జత గూట్లో గుడ్డు పెట్టామంటే, ఆ జత నెత్తిన నెలకు మించిన చాకిరీ పెట్టినట్టు. అనాథ గుడ్డును చూసి జాలిపడని వాళ్లుండరు. ఆ జాలిలో సగం పెంచబోయే జత మీద కూడా ఉండాలని నా గట్టి నమ్మకం.

ఈ పనికి ప్రపంచమంతటా పేరుబడ్డ పక్షి బెంగాలీస్ ఫించ్. మన అడవుల్లోనూ కనిపించే తెల్లనడుము మునియా దీని మూలజాతి. సుమారు 250 ఏళ్ల కిందట చైనా నుంచి జపాన్ చేరిన ఆ పక్షుల్ని తరతరాలుగా ఇళ్లలో పెంచగా ఇది తయారైంది. అడవిలో ఎక్కడా ఉండదు. మనిషి అలికిడికి అంతగా బెదరదు, గూడు వదిలి పోదు, పరాయి గుడ్లనూ తనవిగానే పొదుగుతుంది.

ఎంత మంచి జత అయినా రోజుల లెక్క కుదరాలి. జీబ్రా ఫించ్ గుడ్డు 12 నుంచి 14 రోజుల్లో పిల్ల అవుతుంది, బెంగాలీస్ గుడ్డుకు ఇంకో రోజో రెండు రోజులో ఎక్కువే పడుతుంది. కాబట్టి గుడ్డు పెట్టిన తేదీని కాక, పిల్ల బయటికొచ్చే తేదీని సరిపోల్చాలి. రెండు రోజులకు మించి తేడా వస్తే వెనక పుట్టిన పిల్ల ముందు పుట్టినవాటి కాళ్ల కింద నలుగుతుంది, ముద్ద అందక చిక్కిపోతుంది. గూట్లో అన్నీ కలిపి అయిదారుకు మించకూడదు. ఎక్కువైతే జతకున్న సొంత గుడ్ల మీదికే ముప్పు వస్తుంది.

చల్లగా తగిలిందని గుడ్డును పారేయకూడదు. ఇంకా పొదుగు మొదలుకాని గుడ్డు చల్లటి చోట కొన్ని రోజులు ఆగగలదు, రోజూ అటూ ఇటూ తిప్పితే చాలు. పొదుగు మొదలయ్యాక కూడా కొన్ని గంటల చలికి తట్టుకున్నవి ఉంటాయి. నాలుగైదు రోజుల పొదుగు పడిన గుడ్డును చీకట్లో సన్నటి టార్చి మొనకు ఆనించి చూడండి. సొన చుట్టూ ఎర్రటి సన్ననరాలు పాకి ఉంటాయి. మధ్యలో ఆవగింజంత చుక్క. ఊపిరి బిగబట్టి చూస్తే ఆ చుక్క కొట్టుకుంటూ ఉంటుంది. అది గుండె! దాన్ని ఒకసారి చూసినవాళ్లు తొందరపడి ఏ గుడ్డునూ పారేయలేరు.

పిల్లలు లేచాక అసలు పని మొదలవుతుంది. ఆకలేసిన పిల్ల మెడను ఒక పక్కకు మెలితిప్పి, నోరు పైకి తెరిచి, నాలుక ఆడిస్తుంది. పెద్దది దాని నోట్లో తన ముక్కు దించి, కడుపులో నానిన గింజల్ని కక్కి పెడుతుంది. ఆ రోజుల్లో మనం చేయాల్సిన సేవంతా పెద్దవాటికే. నానబెట్టిన కొర్రలు, ఉడికించిన గుడ్డు, గుడ్డు పెంకుల పొడి, పూటపూటా మార్చిన నీళ్లు అందిస్తే పిల్లల సంగతి అవి చూసుకుంటాయి. సుమారు మూడు వారాలకు పిల్లలు గూడు దాటతాయి, అయిదు వారాలకు సొంతంగా తింటాయి.

పెంచిన జత తిండి పెట్టి ఊరుకోదు. మగ జీబ్రా ఫించ్ పాటతో పుట్టదు, పెంచిన మగపక్షి దగ్గర నేర్చుకుంటుంది. 1960ల్లో జర్మన్ శాస్త్రవేత్త క్లాస్ ఇమ్మెల్మన్ మగ జీబ్రా పిల్లల్ని బెంగాలీస్ జతల దగ్గర పెంచి చూశాడు. అవి పెంపుడు తండ్రి పాటే పాడాయి. ఎదిగాక జోడీ కోసం కూడా సొంత జాతిని విడిచి బెంగాలీస్ ఆడపక్షుల వైపే వెళ్లాయి. గుడ్డులో ఉండగానే అందేవీ ఉన్నాయి. వేసవి ముదిరినప్పుడు జీబ్రా ఫించ్‌లు పొదుగు చివరి రోజుల్లో గుడ్ల దగ్గర ఒక ప్రత్యేకమైన కూత కూస్తాయనీ, అది విన్న పిల్లలు ఎండల్లో ఎదిగే తీరే వేరుగా ఉంటుందనీ ఆస్ట్రేలియాలోని డీకిన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2016లో ప్రకటించారు. అందుకే వీలైతే జీబ్రా గుడ్లను జీబ్రా జత కిందే పెట్టాలి. బెంగాలీస్ తప్ప గతి లేనప్పుడు, సొంతంగా తినడం రాగానే పిల్లల్ని సొంత జాతి పెద్దల మధ్యకు చేర్చాలి. పాట నేర్చే కాలం సుమారు 65వ రోజు దాకా సాగుతుంది గనక అప్పటికి ఇంకా ఆలస్యం కాదు.

ఇదే విద్యను ఆశ కూడా వాడుకుంది. ఆస్ట్రేలియా 1960లో తన పక్షుల ఎగుమతి ఆపేశాక, రంగురంగుల గౌల్డియన్ ఫించ్‌లకు గిరాకీ పెరిగింది. తల్లిదండ్రులు బతికుండగానే గుడ్లు తీసేసి బెంగాలీస్ జతలకు అప్పగించి, ఆ తల్లి చేత మళ్లీ మళ్లీ పెట్టించడం వ్యాపారమైంది. పక్షిశాస్త్రవేత్త జాన్ గౌల్డ్ ఆ పక్షికి తన భార్య ఎలిజబెత్ పేరు పెట్టాడు. పక్షుల బొమ్మలు గీసే ఆమె 1838లో చిన్నపిల్లలు ముగ్గుర్ని తన తల్లి దగ్గర వదిలి భర్తతో ఆస్ట్రేలియాకు ఓడెక్కింది. తిరిగొచ్చిన మరుసటేడే, 1841లో, కాన్పు తర్వాత కన్నుమూసింది. బిడ్డల్ని మరొకరి చేతుల్లో పెట్టడం ఎంత బరువైన పనో తెలిసిన తల్లి పేరున్న పక్షి అది. దాని గుడ్లను అదనపు లాభం కోసం తీయడం నాకు ఏ మాత్రం సమ్మతం కాదు.

ఇవన్నీ పంజరాల్లో పుట్టి పెరిగే విదేశీ జాతుల సంగతి. మన పొలాల్లోని మునియాల జోలికి పోకూడదు. వాటిని పట్టి ఉంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం.

తల్లి పోయిన గుడ్డుకు ఇంకో రెక్క చూపించడం పుణ్యమే. ఆ పుణ్యం దక్కాలంటే పిల్లలు ఎదిగాక గూడు తీసేసి, పెంచిన జతను కొన్ని నెలలు గుడ్లూ పిల్లలూ లేకుండా హాయిగా ఉండనివ్వాలి. తనది కాని బిడ్డకు కడుపులోని గింజ కక్కి పెట్టిన పక్షికి మనం తీర్చుకోగలిగిన రుణం ఆ విశ్రాంతే.