మానిటోబా ఇంకా నడుస్తోంది

శ్రీలంక వెళ్తున్నామని చెబితే చుట్టాలందరూ క్యాండీ చూడండి, నువరేలియా దగ్గర సీతమ్మవారి గుడి చూడండి అన్నారు. మా బావకు మాత్రం ఒక్కటే కావాలి. 591 నంబరు డీజిల్ ఇంజన్. పేరు మానిటోబా. గుత్తి డీజిల్ షెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి ఆయన. ఆయన యాత్రలకు దేవుళ్లు వేరే ఉంటారు.

కొలంబో ఫోర్ట్ స్టేషన్‌లో హిక్కడువ బండి కోసం కూర్చున్నాం. పక్క ప్లాట్‌ఫాం మీద అనురాధపురం వైపు వెళ్లే బండి బయల్దేరబోతోంది. దాని ముందున్నది ఎం8 ఇంజన్. వారణాసిలోని మన డీజిల్ లోకోమోటివ్ వర్క్స్‌లో తయారై 1996లో ఈ దేశానికి వచ్చిన రకం. డ్రైవరు నాచ్ (ఇంజన్ శక్తిని పెంచే మెట్టు) పెంచాడు. ఇంజన్ దగ్గినట్టు ఊగి, గొట్టంలోంచి నల్లటి పొగ గుప్పున ఎగజిమ్మింది. బావ లేచి నిలబడ్డాడు.

"సూడు బామ్మర్దీ, అచ్చం మన ఆల్కోనే!"

ఆ పొగకు కారణం బావ నాకు చిన్నప్పుడే చెప్పాడు. నాచ్ పెంచగానే సిలిండర్లలోకి డీజిల్ ఎక్కువగా పోతుంది. దానికి తగ్గ గాలిని తోయాల్సిన టర్బో మాత్రం వేగం అందుకోవడానికి కాస్త సమయం తీసుకుంటుంది. ఈలోగా సరిగా కాలని డీజిల్ పొగై బయటికొస్తుంది. గుత్తి స్టేషన్‌లో ఆ పొగ చూడ్డానికే మేం పిల్లలం వంతెనెక్కి నిలబడేవాళ్లం. డ్రైవరు మమ్మల్ని చూస్తే హారన్ కొట్టేవాడు. ఆ రోజుకి అది చాలు.

ఆల్కో అంటే అమెరికన్ లోకోమోటివ్ కంపెనీ. న్యూయార్క్ రాష్ట్రంలోని స్కెనెక్టడీలో ఉండేది. మనవాళ్లు డబ్ల్యూడీఎం-2 అని పిలిచే 2,600 హార్స్‌పవర్ ఇంజన్లు మొదట 1962లో అక్కడి నుంచే ఓడల మీద వచ్చాయి. 1964 నుంచి వారణాసిలో తయారీ మొదలైంది. 1969లో అమెరికాలో ఆ కంపెనీయే ఇంజన్ల తయారీ మానేసింది. వారణాసిలో మాత్రం ఆ నమూనా దశాబ్దాల పాటు ఆగలేదు. ఒక్క డబ్ల్యూడీఎం-2లే రెండున్నర వేలకు పైగా చేశారు. మన తరంలో రైలెక్కిన ప్రతివాడూ ఎప్పుడో ఒకప్పుడు దాని వెనకాల కూర్చున్నవాడే.

మా బండి కదిలింది. కొల్లుపిటియ, బంబలపిటియ, వెల్లవత్త దాటేదాకా సముద్రం పట్టాలను ఆనుకునే వస్తుంది. పెద్ద అల వచ్చిందంటే తుంపర కిటికీలోకి కొడుతుంది. తలుపుల దగ్గర కుర్రాళ్లు వేలాడుతున్నారు. తట్ట నెత్తిన పెట్టుకుని ఒకాయన రొయ్యల వడలు అమ్ముతూ వచ్చాడు. చిన్న పప్పు వడ మీద తలా తోకా తీయని రొయ్య ఒకటి కరకరలాడుతూ అతుక్కుని ఉంది. పాత నోటుపుస్తకం కాగితంలో చుట్టి, ఉల్లిపాయ కారం పైన వేసి ఇచ్చాడు. కారం నషాళానికంటింది. బావ సముద్రం వైపు చూడలేదు. వడ నములుతూ మన ఇంజన్లు ఏమయ్యాయో ఏకరువు పెట్టాడు.

మన బ్రాడ్‌గేజ్ దారులు దాదాపు అన్నీ కరెంటు తీగల కిందికి వచ్చేశాయి. డీజిల్ ఇంజన్లకు పని పోయింది. కొన్నింటికి అదృష్టం కలిసొచ్చింది. 2020 జులైలో 10, 2023 మేలో 20 బ్రాడ్‌గేజ్ డీజిళ్లను మన ప్రభుత్వం బంగ్లాదేశ్‌కు ఇచ్చింది. 2018లో వారణాసిలోనే రెండు పాత ఆల్కో రకం డీజిళ్లను విప్పి, 10,000 హార్స్‌పవర్ జంట కరెంటు ఇంజన్‌గా మార్చారు. మిగతావాటిలో చాలావరకు తుక్కు వేలానికే పోయాయి. "నేను పిస్టన్లు మార్చిన బండిని గ్యాసు కట్టరుతో కోస్తాంటే సూసినా. మళ్లీ ఆ పక్కకు పోలేదు" అన్నాడు బావ. ఇద్దరం కాసేపు మాట్లాడలేదు. కలుతర వంతెన వచ్చింది. నది అవతల తెల్లటి స్తూపం ఎండకు మెరుస్తోంది.

మానిటోబా కథ వేరు. కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో జనరల్ మోటార్స్ కార్ఖానాలో పుట్టింది. కొలంబో ప్లాన్ కింద కెనడా సాయంగా 1954 నుంచి సిలోన్‌కు వచ్చిన ఎం2 రకం ఇంజన్లలో చాలావాటికి కెనడా రాష్ట్రాల పేర్లు పెట్టారు. 2004 డిసెంబరు 26 ఉదయం ఈ 591 నంబరు ఇంజనే కొలంబో నుంచి మాతర వెళ్లే బండిని లాగుతోంది. పౌర్ణమి, క్రిస్మస్ సెలవులు కలిసిరావడంతో పెట్టెలు కిటకిటలాడుతున్నాయి. తొమ్మిదిన్నర ప్రాంతంలో పెరలియా దగ్గర సునామీ మొదటి అల వచ్చి బండి ఆగిపోయింది. ఊరివాళ్లు రైలైతే కదలదన్న నమ్మకంతో పెట్టెల మీదికి ఎక్కారు, వాటి చాటున నిలబడ్డారు. తర్వాత వచ్చిన పెద్ద అల పెట్టెల్ని, దాదాపు 80 టన్నుల ఇంజన్‌నూ పట్టాల మీంచి లేపి విసిరేసింది. 1,700 మందికి పైగా చనిపోయారని అంచనా. ప్రపంచ రైల్వే చరిత్రలో ఇంతమందిని బలిగొన్న ప్రమాదం ఇంకొకటి లేదంటారు.

ఆ ఇంజన్‌ను తుక్కుకు వేయలేదు. బాగుచేసి మళ్లీ పట్టాలెక్కించారు. దెబ్బతిన్న పెట్టెల్లో రెంటినీ బాగుచేశారు. ఏటా డిసెంబరు 26న స్మారక రైలు పెరలియాకు వస్తుంది.

ఆ రైలు కోసమే రాత్రి హిక్కడువలో ఉండి, తెల్లవారాక ఆటోలో పెరలియా చేరాం. తెల్లబట్టలు కట్టుకున్న జనం పట్టాల పక్కన అప్పటికే గుమిగూడారు. చేతుల్లో పూలు, ఫొటోలు. దూరంగా హారన్ వినపడింది. మానిటోబా మెల్లగా వచ్చి ఆగింది. పొడవాటి ముక్కు, ఒకే క్యాబ్, మన ఆల్కోలంత గంభీరమైన ఆకారం కాదు. శబ్దమూ వేరే. టూ స్ట్రోక్ ఇంజన్ కనుక గుక్క తిప్పుకోకుండా ఒకే శ్రుతిలో గుర్రుమంటోంది. పెట్టెల్లోంచి ఆనాడు బతికి బయటపడ్డవాళ్లు, పోయినవాళ్ల బంధువులు దిగారు. 9.25కి దేశమంతా రెండు నిమిషాల మౌనం. ఆ తర్వాత భిక్షువులు పిరిత్ సూత్రాలు చదివారు. మిగతా మతాల పెద్దలూ ప్రార్థనలు చేశారు.

జనం పలచబడ్డాక బావ ఇంజన్ పక్కన వంగి, చక్రాల మధ్య ఉండి వాటిని తిప్పే ట్రాక్షన్ మోటార్లకేసి చాలాసేపు చూశాడు. "ఉప్పునీళ్లు తాగిన మోటారు ఊరికే లేవదు బామ్మర్దీ. విప్పాల, మంచినీళ్లతో కడగాల, ఓవెన్లో ఆరబెట్టాల, వార్నిష్ పట్టించాల. అప్పటికీ లేవకపోతే తీగ మొత్తం మళ్లీ సుట్టాల్సిందే. జనరేటరుకూ అంతే. మనసు పెట్టి చేసినారు."

మనసొక్కటే కాదు, అవసరమూ ఉంది. శ్రీలంకలో కరెంటు రైలు మార్గం లేదు. ఉన్న డీజిళ్లు కొద్దే. చెడితే బాగుచేసుకోవాల్సిందే. ఆ అలవాటు వల్లే మన డబ్ల్యూడీఎం-2ల కంటే ముందు పుట్టిన ఇంజన్ ఇవాళ్టికీ రైలు లాగుతోంది. ఇంజన్ ఆయుష్షును నిర్ణయించేది దాని వయసు కాదు. విడిభాగాలు, వాటిని బిగించడం తెలిసిన చేతులు.

మనకిప్పుడు ఆ అవసరం లేదు, నిజమే. కరెంటు వద్దని ఎవరూ అనరు. కానీ 1855 నాటి ఫెయిరీ క్వీన్ ఆవిరి ఇంజన్‌ను 1997లో మళ్లీ నడిపించిన రైల్వే మనది. ఆల్కోకూ ఆ పాటి గౌరవం చేయొచ్చు. రంగులేసి స్టేషన్ ముందు సిమెంటు దిమ్మ మీద నిలబెడితే అది బొమ్మవుతుంది, ఇంజన్ కాదు. గుత్తి, కాజీపేట, విశాఖ లాంటి డీజిల్ షెడ్లున్న చోట ఒక్క డబ్ల్యూడీఎం-2నైనా నడిచే స్థితిలో ఉంచి, ఏడాదికోసారి నాలుగు పెట్టెలు తగిలించి జనాన్ని ఎక్కించండి. ఆ పని చేసేదేదో విడిభాగాలు తుక్కులో కలవకముందే, మా బావ లాంటి ఫిట్టర్లు బతికుండగానే చేయండి.