పంటి చీటీ

2013 అక్టోబర్ 30 తెల్లవారుజామున బెంగళూరు నుంచి హైదరాబాద్ వస్తున్న వోల్వో బస్సు పాలెం దగ్గర కల్వర్టును గుద్దుకుని తగలబడింది. 45 మంది చనిపోయారు. ఎవరు ఎవరో మొహం చూసి చెప్పే వీల్లేదు. డీఎన్ఏ పరీక్షలయ్యే దాకా ఇంటివాళ్ళు ఎదురుచూశారు.

బెంగళూరు నుంచి కమలాపురానికి రాత్రి బస్సుల్లో తిరిగేవాణ్ణి కాబట్టి, ఆ ఎదురుచూపు నా బుర్రలోంచి పోలేదు. మరి పళ్ళు?

పెద్ద ప్రమాదాల్లో మనిషిని తేల్చడానికి ఇంటర్‌పోల్ ముఖ్యంగా నమ్మేవి మూడు: వేలిముద్రలు, పళ్ళు, డీఎన్ఏ. పంటి పైన ఉండే ఎనామిల్ మన ఒంట్లో అన్నిటికన్నా గట్టిది. చర్మం, వేళ్ళు కాలిపోయినా దవడపళ్ళు చాలాసార్లు మిగులుతాయి. 32 పళ్ళు, ఒక్కోదానికి ఐదు ముఖాలు. ఎక్కడ సిమెంటు పెట్టారు, ఏది పీకారు, ఏది వంకర అని కలిపి చూస్తే ఇద్దరికి ఒకేలా ఉండటం అరుదు.

1897లో పారిస్‌లో ఒక ధర్మకార్యపు సంత తగలబడి నూరుమందికి పైగా పోయారు. అలాంసాన్ డచెస్‌ను గుర్తుపట్టింది ఆమె పళ్ళ డాక్టరే. ఆస్కార్ అమోయెడో మరుసటి ఏడు దీని మీద పుస్తకమే రాశాడు.

ఇక్కడే నాకు ముల్లు గుచ్చుకుంది. ఆమెకు సొంత పళ్ళ డాక్టరున్నాడు. 2004 సునామీలో థాయ్‌లాండ్‌లో కూడా పళ్ళు ఎక్కువగా పనికొచ్చింది విదేశీ టూరిస్టులకే. వాళ్ళ ఎక్స్‌రేలు వాళ్ళ ఊళ్ళలో భద్రంగా ఉన్నాయి. అక్కడి జనానికి ఆ కాగితాలు తక్కువ.

మా భాషలో చెప్పాలంటే ఇది రెండు టేబుళ్ళ జాయిన్. చనిపోయాక దొరికిన పళ్ళు ఒక టేబుల్, బతికుండగా రాసిపెట్టినవి ఇంకోటి. రెండోది ఖాళీ అయితే మొదటిది ఎంత పక్కాగా ఉన్నా జవాబు సున్నా. మా జేజికి నొప్పి పుట్టిన పన్నునల్లా ఊళ్ళో ఆర్ఎంపీ పీకేశాడు. చీటీ లేదు, ఎక్స్‌రే లేదు. నోరు ఖాళీ అయింది, రికార్డూ ఖాళీనే.

డీఎన్ఏ ఉందిగా అంటారు. ఉంది. దానికి రక్తసంబంధీకులు కావాలి, ల్యాబ్ కావాలి, రోజులు కావాలి. ఎక్స్‌రే ఉంటే పక్కపక్కన పెట్టి చూడటమే.

మొన్న రూట్ కెనాల్ అయ్యాక ఎక్స్‌రే అడిగి తీసుకుని, ఇంట్లో అందరికీ తెలిసిన ఫోల్డర్లో పెట్టాను. ఎందుకో చెబితే అమ్మ "ఏం పాడుమాటల్రా నాయనా" అని కసిరింది.

కాసేపాగి, "మీ నాయనది గూడా పెట్టు" అంది.