కళ్ళు బాగానే ఉన్నాయమ్మా!

కళ్ళ డాక్టరుగా 20 ఏళ్ళలో నేను ఎక్కువసార్లు అన్న మాట ఇదే. ఈ మాట వల్ల పిల్లలకు దెబ్బలు పడతాయని తెలుసుకోవడానికి మాత్రం చాలా ఆలస్యమైంది.

మూడో తరగతి పిల్లవాడు. బోర్డు మీదిది చూసి రాయలేకపోతున్నాడు, కళ్ళు చూపించమని టీచరు పంపింది. వాడు 6 మీటర్ల దూరం నుంచి చార్టు చివరి వరుస దాకా, అక్షరం తర్వాత అక్షరం చెప్పేశాడు. చీటీ మీద 6/6 అని రాసి, "కళ్ళు బాగానే ఉన్నాయమ్మా, అద్దాలక్కర్లేదు" అన్నాను. తల్లి సంతోషిస్తుందనుకున్నా. ఆవిడ కొడుకు నెత్తిన ఒక్కటి వేసింది. "విన్నావురా? డాక్టరు గారే చెప్పారు. కనబడక కాదు, నీకు ఒళ్ళు బద్ధకం!" వాడు ఏడవలేదు, నా వైపు చూశాడు. బయట ఇంకా 30 మంది ఉన్నారు. నేను తర్వాతి చీటీ పిలిచాను.

ఇంతకీ ఆ చార్టు చెప్పేదేమిటి? దూరాన ఉన్న అక్షరం స్పష్టంగా కనబడుతోందని, అంతే. కన్ను ఉత్తరం తెచ్చి గుమ్మంలో వేసే పోస్టుమాన్ లాంటిది. విప్పి చదవాల్సింది మెదడు. ఆ పని తల వెనక భాగంలో మొదలవుతుంది. ఏ అక్షరం, ఎటు తిరిగి ఉంది, ఏ వరుసలో ఉంది, కింద ఒత్తు ఏమిటి అన్నవన్నీ మెదడులోనే తేలాలి. మన లిపి సంగతి వేరే చెప్పాలా? 'ద' కింద చిన్న గీత గీస్తే 'ధ', దాని కడుపులో చుక్క పెడితే 'థ'. వ, ప, మ అక్కచెల్లెళ్ళలా ఉంటాయి. బోర్డు చూసి రాయడమంటే తల ఎత్తాలి, చూసినది గుర్తుంచుకోవాలి, తల దించాలి, నోటుబుక్కులో ఆపిన చోటు వెతకాలి, రాయాలి. మళ్ళీ తల ఎత్తి, బోర్డు మీద ఆపిన చోటు వెతకాలి. వీటిలో ఏ ఒక్కటి జారినా పిల్లవాడు 'సోమరి' అయిపోతాడు.

ఆ తర్వాత కొన్నేళ్ళకు ఐదో తరగతి పాప వచ్చింది. నెలలు నిండకుండా పుడితే బాక్సులో పెట్టారట. దీనికీ 6/6. కానీ తల్లి ఇంకో మాట అంది. "పెళ్ళిళ్ళలో నేను రెండడుగుల దూరంలో ఉన్నా కనుక్కోలేదు సార్. మెట్లు దిగాలంటే కాలితో తడుముతుంది." అప్పటికి నాకు కొంత బుద్ధి వచ్చింది. తెలుగు వాచకం తెప్పించాను. పేజీ మొత్తం ముందు పెడితే పాప వేలు వరుసలు దాటిపోతోంది. మందుల పెట్టె అట్ట చించి, మధ్యలో ఒక వరుస పట్టేంత కిటికీ కోసి పేజీ మీద పెట్టాను. మెల్లగా, తడబడుతూ, కానీ వరుస తప్పకుండా చదివింది. గుంపులోంచి ఒక్కదాన్ని విడదీసి చూడడమే ఆ మెదడుకు కష్టం. ఒంటరిగా ఉన్న అక్షరంతో దానికి పేచీ లేదు.

తల్లి ఆ అట్టను అటూ ఇటూ తిప్పి చూసింది. "మందేమీ రాయరా సార్?"

ఇదీ మన జబ్బు. అట్టముక్క మీద నమ్మకం ఉండదు. వేలు పోసే చోట ఉంటుంది. చదువులో వెనకబడ్డాడని ఒక తండ్రి కొడుకుని కళ్ళకు గంతలు కట్టి పుస్తకం చదివించే కోర్సులో చేర్చాడు. కళ్ళు తెరిచి చదవలేని వాణ్ణి కళ్ళు మూసి చదవమని పంపాడు! తండ్రి బయటకు వెళ్ళగానే కుర్రాడు నా చెవిలో చెప్పాడు. "ముక్కు పక్కన సందులోంచి కనిపిస్తది సార్. నాన్నకి చెప్పకండి." పాఠం రాలేదు గానీ అబద్ధం వచ్చింది.

రంగు కళ్ళద్దాలు పెడితే, కళ్ళు తిప్పే వ్యాయామాలు చేస్తే చదువు వస్తుందనే వాళ్ళూ ఉన్నారు. పుస్తకం దగ్గర పెట్టుకున్నప్పుడు రెండు కళ్ళూ కలవకపోతే వ్యాయామాలు పనిచేస్తాయి, నేనే చేయిస్తాను. కానీ డిస్లెక్సియా అనే చదువు ఇబ్బందికి అవి మందు కావని అమెరికాలోని పిల్లల వైద్యులు, కళ్ళ వైద్యులు కలిసి 2009లోనే ప్రకటించారు. డిస్లెక్సియా అంటే అక్షరాన్ని దాని శబ్దంతో ముడిపెట్టడంలో మెదడు పడే తిప్పలు. 1896లో ప్రింగిల్ మోర్గాన్ అనే ఆంగ్ల వైద్యుడు 14 ఏళ్ళ అబ్బాయి గురించి రాశాడు. తెలివైనవాడు, లెక్కలు వచ్చు, చదవడం మాత్రం రాదు. అది రాసి 100 ఏళ్ళు దాటినా మనం ఇంకా నెత్తిన మొట్టికాయలే వేస్తున్నాం.

చేయాల్సింది పెద్దగా ఏమీ లేదు. ముందు కళ్ళు, చెవులు పరీక్ష చేయించండి. అవి బాగుండీ చదువు సాగకపోతే పిల్లల డాక్టరుకు, సైకాలజిస్టుకు చూపించండి. అక్షరం చూపిస్తూ, శబ్దం పలికిస్తూ, చేత్తో రాయిస్తూ రోజూ కాసేపు కూర్చోండి. పేజీలో గజిబిజి తగ్గించండి. చూపును నిలిపే ఆటలు ఇంట్లోనే ఉన్నాయి. చుక్కలు లెక్కపెట్టి ముగ్గు కలపడం, బియ్యంలో రాళ్ళు ఏరడం, పళ్ళెంలో పది వస్తువులు చూపించి గుడ్డ కప్పి ఏమున్నాయో చెప్పమనడం. ముగ్గు వేస్తే ఫస్ట్ ర్యాంకు రాదు. నిదానంగా గమనించడం అలవాటవుతుంది, అది చాలు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఈ అభ్యసన ఇబ్బందులనూ గుర్తించింది. పరీక్షలో అదనపు సమయం అడగడం సిగ్గుపడాల్సిన పని కాదు.

ఆ మూడో తరగతి పిల్లవాడు మళ్ళీ నా దగ్గరకు రాలేదు. ఎందుకు వస్తాడు? ఇప్పుడు ప్రతి చీటీ మీదా 6/6 కింద టీచరుకు ఇంకో రెండు వాక్యాలు రాస్తున్నాను. "దూరపు చూపు బాగుంది. చదవలేకపోతే కారణం వెతుకుదాం, దయచేసి కొట్టకండి."